అటక మీది కెమెరాకు మద్రాసు ఎండ

ముందు లెక్క చూసుకుందాం, సరదా తర్వాత. ముప్పై ఆరు ఫొటోల రంగుల రీలు ఒకటి వెయ్యి రూపాయలకు దొరికిందనుకోండి. దాన్ని కడిగి, స్కాన్ చేసి పంపడానికి ఇంకో అయిదు వందలు. అంటే మీట నొక్కిన ప్రతిసారీ నలభై రూపాయల పైమాటే. కళ్లు మూసుకున్న బావగారికీ అంతే, వేలు అడ్డొచ్చిన ఫొటోకీ అంతే. కెమెరా మాత్రం చాలా ఇళ్లలో అటక మీద ఊరికే పడి ఉంటుంది.

అందుకే తక్కువ ఖర్చులో ఫిల్ము ఫొటోలు తీయాలనుకునేవాళ్లు మొదట "ఏ కెమెరా కొనాలి?" అని అడిగితే బేరం తప్పు చోట మొదలైనట్టే. కెమెరా ఖర్చు ఒక్కసారితో పోతుంది, రీలు ఖర్చు వెంటాడుతూనే ఉంటుంది. ఏ కెమెరా తక్కువ ఫొటోలు పాడుచేస్తే అదే చవక కెమెరా. ఆ లెక్కన చెన్నైవాసులకు ఒక ఆస్తి ఉంది. ఏడాదిలో తొమ్మిది నెలలు దాన్ని తిట్టుకుంటూనే గడుపుతారు కాబట్టి ఆస్తి అని గుర్తుపట్టరు. అది ఎండ.

అటక మీద దొరికేవి ఏమిటో చూద్దాం. 1990లలో మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చిన కొడాక్ కేబీ10, యాషికా ఎంఎఫ్-2 లాంటివి ఎక్కువ. ఇంకొంచెం వెనక్కి వెళితే హాట్‌షాట్. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల కోసం 1960లలో బీచ్ స్టేషన్ ఎదుట వెలిసిన బర్మా బజార్లో ఎవరో మామయ్య బేరమాడి తెచ్చిన జపాను కెమెరా కూడా ఉండవచ్చు. అది ఆ ఇంటి అదృష్టం. మొదటి రకం సంగతే ఎక్కువమందికి అవసరం కాబట్టి దాని లోపల ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూడాలి.

ఈ తరగతి కెమెరాల్లో ఫోకస్ చేసే పనే లేదు. లెన్సును ఒకచోట బిగించేసి వదిలేశారు. షట్టరు వేగం కూడా సాధారణంగా ఒక్కటే, సెకనులో వందో వంతుకో నూట పాతికో వంతుకో అటూ ఇటూ. వెలుతురు లోపలికి వచ్చే కంత, అంటే అపెర్చరు, ఎఫ్/8 ప్రాంతంలో ఉంటుంది. కొన్నిటిలో ఐఎస్ఓ (ఫిల్ము వెలుతురును పట్టే వేగం) మీట జరిపితే ఒకటి రెండు మెట్లు మారుతుంది, ఒక మెట్టంటే వెలుతురు రెండింతలో సగమో. అపెర్చరు అంత చిన్నది కావడం వల్ల, ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల లెన్సును ఆరు మీటర్ల దూరానికి బిగిస్తే, మూడు మీటర్ల నుంచి ఆకాశం దాకా అన్నీ పనికొచ్చేంత స్పష్టంగా వస్తాయి. ఇంకొంచెం దగ్గరకు బిగిస్తే ఎదుటి మనిషి బాగా వస్తాడు, వెనక గోపురం కాస్త మెత్తబడుతుంది. 'పనికొచ్చేంత' అన్నది ఎవరి కొలత? నాలుగు బై ఆరు అంగుళాల ప్రింటు కొలత. తయారుచేసినవాళ్లు ఆల్బమ్‌ను దృష్టిలో పెట్టుకున్నారు. ఈనాడు దాన్ని స్కాన్ చేసి ల్యాప్‌టాప్ నిండా పరిచి "షార్ప్‌గా లేదే" అనడం ఆ కెమెరా పట్ల అన్యాయం.

ఇక వెలుతురు. పాత ఫొటోగ్రాఫర్లందరికీ నోటికి వచ్చిన సూత్రం ఒకటుంది. మంచి ఎండలో అపెర్చరు ఎఫ్/16 పెట్టి, షట్టరు వేగాన్ని ఐఎస్ఓ అంకెకు సమానంగా పెడితే సరైన ఎక్స్‌పోజరు వస్తుంది. 200 ఫిల్ముకు సెకనులో 200వ వంతు. ఇప్పుడు మన అటక కెమెరాలో 200 ఫిల్ము వేసి మధ్యాహ్నం మెరీనాలో నిలబడండి. ఎఫ్/16 బదులు ఎఫ్/8 కాబట్టి నాలుగింతల వెలుతురు, 200 బదులు 125 కాబట్టి ఇంకో ఒకటిన్నర రెట్లు. మొత్తం మీద కావలసినదానికి ఆరింతల పైచిలుకు. డిజిటల్ కెమెరాలో అయితే ఆ ఫొటో తెల్లకాగితం. రంగుల నెగెటివ్ ఫిల్ము మాత్రం దాన్ని మింగి అరిగించుకుంటుంది. నెగెటివ్ కాస్త ముదురుగా వస్తుంది, స్కానర్ సర్దేస్తుంది. అదే కెమెరా పట్టుకుని చెట్టు కిందకో, భవనం నీడలోకో వెళ్లారనుకోండి. ఎండలోకంటే అక్కడ వెలుతురు సుమారు ఎనిమిదో వంతు. ఆరింతలు ఎక్కువైనది కాస్తా ఇప్పుడు దాదాపు సరిగ్గా సరిపోతుంది. ఎండ నుంచి నీడ దాకా ఒక్క అమరికతో నడిచిపోయేలా ఆ అంకెలు ఎంచుకున్నారన్నమాట. ఆ కెమెరాను బొమ్మ అనేవాళ్లు ఈ లెక్క వేసి చూడలేదు.

ఫిల్ముకు ఎక్కువ వెలుతురు పడితే ఫరవాలేదు, తక్కువ పడితే మాత్రం క్షమించదు. నీడల్లో ఫిల్ము మీద ఏమీ నమోదు కాకపోతే, అక్కడ లేనిదాన్ని ఏ స్కానరూ పుట్టించలేదు. బురద రంగూ, గింజలూ మిగులుతాయి. అందుకని బీచికి 200 చాలు. జార్జిటౌన్ సందులకు, మింట్ స్ట్రీట్‌లో ఇరువైపులా మేడలు ఎండను ఆపేసే చోట్లకు, 400 వేసుకోవడం మేలు. ఒక మెట్టు వెసులుబాటు ఉంటుంది.

ఫొటోగ్రఫీ పాఠాలు చెప్పేవాళ్లు మధ్యాహ్నం కెమెరా బయటికి తీయొద్దంటారు. పొద్దున్నే వెళ్లండి, సాయంత్రం వెళ్లండి, బంగారు వెలుతురు అంటారు. ఎఫ్/1.7 లెన్సు ఉన్నవాళ్లకు ఆ సలహా బాగానే ఉంటుంది. అటక కెమెరాకు సాయంత్రం ఆరున్నరకి మైలాపూర్ కపాలీశ్వరుడి కోనేరు గట్టు ఎంత అందంగా ఉంటే అంత అపాయం. అక్కడ మీట నొక్కిన ప్రతిసారీ నలభయ్యేసి రూపాయలు పోతాయి. పొద్దున పది నుంచి మూడు దాకా తీయండి. ముఖాల మీద నీడలు గట్టిగా పడతాయి, నిజమే. ఈ ఊళ్లో మనుషులు రోజూ ఆ నీడల్లోనే తిరుగుతుంటారు, ఫొటోలో కనిపిస్తే వచ్చే నష్టమేమీ లేదు. కొంచెం మెత్తని వెలుతురు కావాలంటే ఉదయం ఏడున్నర, ఎనిమిదికి సముద్రం ఒడ్డుకు వెళ్లండి. ఈ తీరంలో సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు కాబట్టి, నీళ్లకు వీపు పెట్టి నిలబడి ఊరివైపు తిరిగి తీస్తే వెలుతురంతా ఎదుటివాళ్ల ముఖం మీదే పడుతుంది. సూర్యాస్తమయం మెరీనాలో తీద్దామనుకుని వచ్చే బంధువులు ప్రతి ఇంటికీ ఒకరుంటారు. వాళ్లను నొప్పించకండి, మేడ మీదికి తీసుకెళ్లండి.

ఫ్లాష్ మూడు మీటర్లు దాటి పనిచేయదు. ముందు వరుసలో ఉన్నవాళ్లు పున్నమి, వెనకాల కళ్యాణ మండపం అమావాస్య. పాత పెళ్లి ఆల్బములు తిరగేసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అటక నుంచి దించిన కెమెరాలో రీలు వేసే ముందు పరీక్ష చేయాలి, ఎందుకంటే ఈ ఊరి గాలి రెండు రకాలుగా తినేస్తుంది. మొదటిది బూజు. వెనక తలుపు తెరిచి, ఫోన్ టార్చి ఒక పక్కనుంచి లెన్సులోకి వేసి చూడండి. అద్దం లోపల సాలెగూటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. అంచున చిన్నగా ఉంటే తీసే ఫొటోకు పెద్ద తేడా రాదు. నడిమధ్యన పాకి ఉంటే ఎండకు ఎదురుగా తీసిన ప్రతి ఫొటో పొగమంచులా వస్తుంది. చెన్నైలో పొగమంచు చూపిస్తే ఎవరూ నమ్మరు. రెండోది తలుపు అంచు గాడిలో ఉండే నల్ల స్పాంజి. వెలుతురు లోపలికి దూరకుండా ఆపేది అదే. పాతిక ముప్పై ఏళ్ల తేమకు అది కరిగి తారులాగా తయారవుతుంది. వేలితో తాకితే నల్లగా అంటుకుంటుంది, రెండు రోజులు వదలదు. పంటిపుల్ల కొనకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి గాడంతా గీకేసి, నల్ల ఉన్ని దారం రెండు వరసలు ఒత్తి పెడితే సరిపోతుంది. బజారులో పది రూపాయల పని. ఇది చేయకపోతే ప్రతి ఫొటోలో ఒక మూల నుంచి నారింజ రంగు మంట వస్తుంది. ఈ మధ్య దాన్ని కావాలని ఫోన్ ఫొటోలకు అతికించుకుంటున్నారు కాబట్టి అక్కర్లేదనుకుంటే వదిలేయవచ్చు.

ఫ్లాష్ ఉన్న కెమెరాను మాత్రం స్క్రూలు విప్పి చూడకండి. బ్యాటరీ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో మూడు వందల వోల్టుల దాకా నిలవ ఉంటుంది.

కొంచెం డబ్బు పెట్టగలిగితే నా ఓటు ఒలింపస్ ట్రిప్ 35కే. 1967 నుంచి 1984 దాకా తయారైంది. బ్యాటరీ లేదు. లెన్సు చుట్టూ తేనెపట్టులా కనిపించే గాజు వలయం కింద సెలీనియం సెల్ ఉంటుంది, దాని మీద పడిన వెలుతురే దానికి కరెంటు. ఎఫ్/2.8 లెన్సు, రెండే రెండు వేగాలు, 40వ వంతూ 200వ వంతూ, వాటిని అదే ఎంచుకుంటుంది. కొనే ముందు ఒక పరీక్ష. అపెర్చరు వలయాన్ని 'ఎ' దగ్గర పెట్టి, అరచేత్తో లెన్సు మొత్తం మూసి, వ్యూఫైండర్‌లోంచి చూస్తూ మీట నొక్కండి. కింద నుంచి ఎర్ర రేకు ఒకటి లేచి అడ్డంగా నిలబడాలి, షట్టరు పడకూడదు. చెయ్యి తీసేసి కిటికీ వైపు తిప్పి నొక్కితే పడాలి. ఈ రెండూ జరిగితే సెల్ బతికున్నట్టు. వెలుతురు చాలదని కెమెరాయే మొండికేసి, మీ నలభై రూపాయలు మీకు మిగిల్చే ఏర్పాటు ఇది. బడ్జెట్ కెమెరా అంటే నా దృష్టిలో ఇదీ.

దీనికి అటు చివర కాంటాక్స్ టి2 ఉంది. 1990లో వచ్చిన టైటానియం ఒంటి కెమెరా. 2017లో మోడల్ కెండల్ జెనర్ ఒక అమెరికన్ టీవీ కార్యక్రమానికి దాన్ని పట్టుకొచ్చింది, ఆ తర్వాత ధర ఆకాశానికెక్కింది. ఒలింపస్ మ్యూ-2కి కూడా అదే జాతకం పట్టింది. మంచి కెమెరాలే, కాదనను. కానీ లోపల ఉన్న ఎలక్ట్రానిక్ సర్క్యూటు ఒకరోజు చెప్పకుండా చనిపోతుంది, విడి భాగాలు ఎవరూ చేయడం లేదు. జూమ్ కాంపాక్ట్‌లైతే ఇంకా తొందరగా పోతాయి. బీసెంట్ నగర్ ఇసుక ఒక్క రేణువు లెన్సు గొట్టంలోకి చేరితే చాలు, బయటికి వచ్చిన గొట్టం మళ్లీ లోపలికి పోదు.

ఫ్రేము ఖర్చు సగం చేసుకునే దారి ఇంకొకటి ఉంది, హాఫ్ ఫ్రేమ్ కెమెరా. ముప్పై ఆరు రీలులో డెబ్బై రెండు వస్తాయి. కొడాక్ పేరుతో 2022లో వచ్చిన ఎక్టార్ హెచ్35 ఈ రకమే, ప్లాస్టిక్ లెన్సుది. ఖర్చు తగ్గుతుంది, కానీ డెబ్బై రెండు పూర్తయ్యేసరికి సంక్రాంతికి మొదలుపెట్టిన రీలు వినాయక చవితికి బయటికొస్తుంది.

ఇక రీలు. ఇంత ఖరీదెందుకు అంటే, చేసేవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు, అందరూ దేశం బయటే. కొడాక్ 2012లో దివాలా పిటిషన్ వేసి బయటపడింది. నలుపు తెలుపు రీళ్లకు ఇంగ్లండులోని ఇల్‌ఫర్డ్ దిక్కు. ఒకప్పుడు ఇంత దూరం చూడాల్సిన పని ఉండేది కాదు. చెన్నై నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారి పాదం దగ్గర దింపే నీలగిరుల్లో, ఊటీలో, హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వ సంస్థ ఉండేది. 1960లో పుట్టింది, ఫ్రాన్సు సాంకేతిక సాయంతో 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 'ఇందు' అన్న పేరుతో నలుపు తెలుపు రీళ్లు, ఎక్స్‌రే ఫిల్ములు దేశమంతా పంపింది. ఊటీ ఎందుకంటే చల్లటి, దుమ్ము లేని గాలి ఫిల్ము పూతకు కావాలి గనక. రంగుల ఫిల్ము దేశంలోకి వచ్చినప్పుడే దానికి ఊపిరి అందలేదు, డిజిటల్ వచ్చేసరికి మంచాన పడి ఉంది. 1990ల నడుమ ఖాయిలా సంస్థల జాబితాకెక్కి, చివరికి మూతపడింది.

చవక రీలు కోసం చూసేవాళ్లు సినిమా ఫిల్ము గురించి వింటారు. కొడాక్ విజన్3 వంద అడుగులో నాలుగు వందల అడుగులో కొని, చీకట్లో ముక్కలు చేసి, ఖాళీ డబ్బాల్లోకి చుట్టి అమ్ముతారు. వంద అడుగుల్లో పద్దెనిమిది రీళ్ల దాకా వస్తాయి కాబట్టి ధర తగ్గుతుంది. రెండు జాగ్రత్తలు. ఒకటి, మామూలు రీలు డబ్బా మీద ఉండే వెండి-నలుపు గళ్లు, అంటే డిఎక్స్ కోడు, వీటి మీద ఉండకపోవచ్చు. ఆటోమేటిక్ కెమెరాలు ఆ గళ్లు కనబడకపోతే చాలావరకు 100 అనుకుని తీసేస్తాయి. 250 ఫిల్ముకు అది నష్టం కాదు, పైన చెప్పిన లెక్కే. రెండు, ఈ ఫిల్ము వీపున మసి పూత ఒకటి చాలాకాలంగా ఉంటూ వచ్చింది. కొత్తగా వచ్చేవాటిలో కొడాక్ దాన్ని తీసేస్తోంది గానీ, చేతికొచ్చింది పాతదో కొత్తదో అడిగి తెలుసుకోవాలి. ఆ పూత ఉన్న రీలును రంగుల ఫిల్ము కడిగే మామూలు సి-41 మెషీన్‌లో పడేస్తే ఆ రోజు ఆ ల్యాబులో అందరి రీళ్లూ మసే. చెప్పకుండా ఇచ్చి వచ్చేవాళ్ల వల్లే కొన్ని దుకాణాలు రీలు చూడగానే అనుమానంగా అడుగుతాయి.

దుకాణాలు అంటే ఇప్పుడు ఎన్నో లేవు. రెండున్నర గంటల సినిమా ఒక్క ప్రింటుకు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు ఫిల్ము పడుతుంది. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుంచి వచ్చిన ఎల్.వి. ప్రసాద్ స్థాపించిన ల్యాబు, జెమినీ ల్యాబు, ఇంకా కొన్ని కలిసి అలాంటి ప్రింట్లు వందల కొద్దీ కడిగి నాలుగు రాష్ట్రాల థియేటర్లకు పంపిన ఊరు ఇది. అలాంటి ఊళ్లో ఒకటిన్నర మీటర్ల పైచిలుకు రీలు ఒకటి పట్టుకుని వెళితే కౌంటర్లో కుర్రాడు "ఇవి ఇంకా వస్తున్నాయా సార్?" అని అడుగుతాడు. కొన్నిచోట్ల తీసుకుని, వారానికోసారి పోగుచేసి కడుగుతారు. అది మంచిదే, రోజూ నాలుగు రీళ్లు కూడా పడని మెషీన్‌లో రసాయనం పాడవుతుంది. కడిగేది ఎప్పుడని అడిగి, ఆ రోజుకు ముందు ఇవ్వండి.

నెలకు రెండు మూడు రీళ్లు అయితే ఇంట్లోనే కడుక్కోవడం లాభం. డార్క్‌రూమ్ అక్కర్లేదు, చేతులు దూర్చే నల్ల సంచీ, మూత ఉన్న డెవలపింగ్ ట్యాంకు, థర్మామీటరు చాలు. ఈ విషయంలో పుస్తకాలన్నీ చల్లటి దేశాల్లో రాసినవే. నలుపు తెలుపు సులువు, రంగులు కష్టం అని చెబుతాయి. చెన్నైలో వేడి సంగతి వచ్చేసరికి అది తలకిందులు. నలుపు తెలుపు డెవలపర్‌కు రాసి ఉండేది 20 డిగ్రీలు. ఈ ఊళ్లో కుళాయి ఆ అంకెను సంక్రాంతికి కూడా చూపించదు. వేడి ఒక డిగ్రీ పెరిగితే సమయం సుమారు పదో వంతు తగ్గించాలి. అలా 30 దగ్గర తీస్తే మూడు నిమిషాల్లోపే ముగించాల్సి వచ్చి, మచ్చలు మచ్చలుగా తేలుతుంది. కాబట్టి బకెట్లో నీళ్లు పోసి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసా ఒకటి ముంచి, డెవలపర్, ఫిక్సర్, కడిగే నీళ్లు మూడూ అందులోనే నిలబెట్టి 24 దగ్గరికి తేవాలి. మూడూ ఒక్క వేడిలో ఉండటం ముఖ్యం. డెవలపర్ చల్లగా, కడిగే నీళ్లు వేడిగా ఉంటే ఫిల్ము పూత ముడతలు పడుతుంది.

రంగుల సి-41కి కావలసింది 37.8 డిగ్రీలు. లండన్‌లో దీనికోసం హీటరు కొంటారు. మే నెలలో మిట్టమధ్యాహ్నం మిద్దె మీది నల్ల ట్యాంకు నుంచి ఒక బకెట్ పట్టుకుంటే మీ పని దాదాపు అయిపోయింది. గది వేడి కూడా అంత ఉంటుంది కాబట్టి డెవలపర్‌లో గడిచే మూడుంబావు నిమిషాల్లో చల్లారే భయం లేదు. ఆ నెలలో ఈ ఊరి గురించి చెప్పగలిగిన మంచిమాట బహుశా ఇదొక్కటే.

నీళ్ల సంగతి కూడా ఉంది. 2019 వేసవిలో జలాశయాలు ఎండిపోయి ట్యాంకరు లారీల వెంట పరిగెత్తిన ఊళ్లో, కుళాయి కింద పది నిమిషాలు ఫిల్ము కడుగుతానంటే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. ఇల్‌ఫర్డ్ వాళ్లు చెప్పిన పద్ధతి వేరే ఉంది. ఫిక్సర్ తర్వాత ట్యాంకు నింపి అయిదుసార్లు తిరగేసి పారబోయాలి, మళ్లీ నింపి పది, మళ్లీ నింపి ఇరవై. మూడు ట్యాంకుల నీళ్లతో పని పూర్తి. చివర ఒక్క తడుపు మాత్రం తాగే క్యాన్ నీళ్లలో ముంచండి. బోరు నీళ్లలోని సున్నం ఆరాక నెగెటివ్ మీద తెల్లటి చుక్కలుగా కూర్చుంటుంది, అవి స్కాన్‌లో ఆకాశం నిండా కనిపిస్తాయి.

కాఫీతో కూడా కడగవచ్చు. 1995లో అమెరికాలోని రాచెస్టర్‌లో ఒక విద్యాసంస్థ తరగతి గదిలో పుట్టిన చిట్కా ఇది. ఇన్‌స్టంట్ కాఫీ పొడి, బట్టల సోడా, తర్వాతివాళ్లు కలిపిన విటమిన్ సి. నలుపు తెలుపు ఫిల్ము నిజంగానే డెవలప్ అవుతుంది, కంపు మాత్రం భరించరానిది. మాంబలంలో ఫిల్టర్ డికాషన్‌తో ప్రయత్నించకండి. ఫలితం నిలకడగా రాదన్నది ఒక కారణం, పక్కింటివాళ్లు రెండో కారణం.

వాడని రీళ్లు ఫ్రిజ్‌లో, ఇడ్లీ పిండికి దూరంగా, గట్టి డబ్బాలో ఉంచండి. తీసిన వెంటనే డబ్బా తెరవకూడదు. ఈ తేమకు చల్లటి ఫిల్ము మీద చెమట పడుతుంది, గంటో రెండు గంటలో ఆగాలి. అటకలోనే దొరికిన, గడువు తీరిన పాత రీలు మీద ఆశ పెట్టుకోకండి. ముప్పై మే నెలలు దాటి వచ్చింది అది.

కడిగించాక నెగెటివ్‌లు తిరిగి తెచ్చుకోండి. స్కాన్‌లు ఫోన్‌కు వచ్చేశాయి కదా అని వదిలేస్తే కొన్ని నెలలకు చెత్తబుట్టలోకి పోతాయి. పొడిగా ఉన్న కాగితపు కవర్లలో, సిలికా జెల్ పొట్లం వేసి, బీరువాలో పై అరలో పెట్టండి. కింది అరలో ఎందుకు వద్దో 2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు నది వెంబడి ఇళ్లవాళ్లకు తెలిసింది. ఒకవేళ తడిస్తే, ఒకదానికొకటి అతుక్కున్నవాటిని ఎండబెట్టి ఊడదీయొద్దు. పూత జెలటిన్ కాబట్టి ఎండితే పక్కదానితో పాటు లేచొస్తుంది. శుభ్రమైన చల్లటి నీళ్లలోనే ఉంచి, వాటంతట అవి విడిపోయాక ఒక్కొక్కటీ క్లిప్పుకు వేలాడదీయాలి, ఫ్యాన్ ఆపేసి.